హృదయ పరిశోధన: గోస్తనీ తీరమున ఒక ఆచారము

విశాఖపట్టణమునుండి విజయనగరమునకును, ఆపైన శ్రీకాకుళమునకును సాగు రాజమార్గము గోస్తనీనదిని దాటు చోట, భీమునిపట్టణపు (భీమిలి) రేవునుండి వచ్చు బాట దానితో కలియు కూడలియందు తగరపువలస యున్నది. ఇది రాజధానిగా పేరుగన్న ఊరు కాదు. దారిమీది ఊరు, చుట్టుపట్ల పల్లెలకు అంగడి ఊరు. ఇట్టి ఊళ్ళ చరిత్రను శాసనములందు వెదకుట కంటె, వాని మీదుగా నడచిన మనుష్యుల వెంట ఏ భావములు, ఏ ఆచారములు నడచి వచ్చెనో విచారించుట ఎక్కువ ఫలవంతమని నా నమ్మకము. అట్లు వచ్చిన ఆచారములలో నొకటి బైబిలునందలి హృదయపరిశోధన. ప్రభువు బల్లలో చేయి వేయుటకు, అనగా ప్రభువు భోజనపు రొట్టెను, పాత్రను పుచ్చుకొనుటకు ముందు ఈ ప్రాంతపు క్రైస్తవులు తల వంచి, కన్నులు మూసికొని, కొంతసేపు తమ్ము తాము పరీక్షించుకొందురు. ఆ స్వల్పకాలపు మౌనము వెనుక రెండున్నర వేల యేండ్లకు మించిన చరిత్ర కలదు.

ఆ చరిత్రకు మూలము హీబ్రూ ప్రవక్తల గ్రంథములు. సుఖదుఃఖములు మాత్రమే కాక, ఆలోచనయు, సంకల్పమును, జ్ఞాపకమును, మంచిచెడ్డల నిర్ణయమును హృదయముననే జరుగునని ఆ గ్రంథకర్తల భావము. ఆ లోపలి చోటును మనుష్యుడు చూడలేడనుట వారి మొదటి మాట. సమూయేలు రాజును ఏర్పరచుటకై బేత్లెహేమునకు పోయి, యెష్షయి పెద్దకుమారుడైన ఏలీయాబు ఎత్తును, రూపమును చూచి ఇతడే యని తలచెను. దేవుడు పైరూపమును చూడడని ఆ వృద్ధప్రవక్తకే బోధింపవలసి వచ్చెను. ఏడుగురు కుమారులు ఎదుట నడచిపోయిన పిదప, గొఱ్ఱెలను కాయుచున్న కడగొట్టువాడు దావీదు పిలువబడెను. యిర్మీయా మరి యొక అడుగు ముందుకు వేసెను. యెరూషలేము పతనమునకు ముందటి దశాబ్దములందు, రాజులును, యాజకులును, ప్రజలును తమకు ఏ కీడును రాదని తమకు తామే నచ్చజెప్పుకొనుచున్న కాలమున, హృదయము పరులనే కాదు, తనను మోయుచున్న మనుష్యునే మోసపుచ్చునని అతడు కనుగొనెను. అట్లయినచో దానిని ఎవరు ఎఱుగుదురు అను ప్రశ్నకు, పరిశోధించువాడు దేవుడొక్కడే యనునది అతడు పొందిన ప్రత్యుత్తరము.

నూటముప్పదితొమ్మిదవ కీర్తనయందు ఈ భావము పరిపక్వమైనది. దేవుడు తన్ను ముందే పరిశోధించి తెలిసికొనియున్నాడను ఒప్పుకోలుతో ఆరంభమగు ఆ కీర్తన, ఆకాశమునకు ఎక్కినను, పాతాళమున పండుకొనినను, సముద్రపు కడకు ఎగిరిపోయినను ఆ దృష్టినుండి తప్పించుకొన వీలులేదని చెప్పి, ద్వేషించువారిమీద కోపముతో ఒక్కసారి భగ్గుమని, ఆ కోపము చల్లారక మునుపే, నన్ను పరిశోధింపుమను ప్రార్థనతో ముగియును. ముందే జరిగిన పరిశోధనను మరల కోరుట యెందుకు? మొదటిది మనుష్యుని అనుమతి లేక జరిగినది, రెండవది అతడే తలుపు తెరచి పిలిచినది. శత్రువును దూషించిన మరుక్షణముననే భక్తుడు తన హృదయమును చూపుట నాకు ఆ కీర్తనయంతటిలో మిక్కిలి నిజమైన ఘట్టముగా తోచును. ఈ క్రమమును పాఠకులు మనసున నుంచుకొనవలెను. పరిశోధించువాడు దేవుడు, కోరువాడు మనుష్యుడు. ఈ క్రమము నిలిచిన చోట ఆచారము ప్రాణముతో నుండెను. పరిశోధకుని స్థానమును సాటి మనుష్యుడు ఆక్రమించిన చోట అది తగవుగా మారెను.

భావము ఆచారమైన విధము యూదుల పస్కా పండుగయందు చక్కగా కనిపించును. పండుగకు ముందటి రాత్రి ఇంటివారు దీపము చేతబట్టుకొని మూలమూలల, బీరువాలలో, పగుళ్ళలో పులిసిన పిండి తునుక యేదైన మిగిలియున్నదేమోయని వెదకుదురు. యూదధర్మశాస్త్రమైన మిష్నాలో పస్కా ప్రకరణము ఈ దీపపు వెదకులాటతోనే ఆరంభమగును. ఏల దీపముతోనే వెదకవలెనని చర్చించిన పండితులు, యెరూషలేమును దీపములతో వెదకుదునని దేవుడు పలికినట్లు చెప్పిన జెఫన్యా వాక్యమును, మనుష్యుని ఆత్మ అంతరంగమును శోధించు దేవుని దీపమను సామెతల వాక్యమును తెచ్చి ముడివేసిరి. ఇంటిని వెదకుటయు, హృదయమును వెదకుటయు ఒకే రాత్రి పనియయ్యెను. పౌలు అపొస్తలుడు పాత పులిపిండిని తీసి పారవేయుడని కొరింథు సంఘమునకు వ్రాసినపుడు ఈ ఇంటి పనియే అతని మనసున నుండెననుటకు సందేహము లేదు.

ఆ కొరింథు లేఖయే మన ఆచారమునకు ప్రత్యక్ష కారణము. ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొని ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెనను పౌలు ఆజ్ఞ తెలుగు క్రైస్తవులందరికి కంఠస్థము. కాని ఆ ఆజ్ఞ పుట్టిన సందర్భమును తలచువారు అరుదు. కొరింథులో సంఘభోజనమునకు కలిగినవారు ముందుగా వచ్చి కడుపార తిని త్రాగుచుండగా, ఆలస్యముగా వచ్చిన పేదలు ఆకలితో నిలుచుచుండిరి. లేనివారిని సిగ్గుపరచిన ఆ భోజనము ప్రభువు భోజనమే కాదని పౌలు గద్దించెను. కావున అచ్చట పరీక్షింపవలసినది మొట్టమొదట ప్రక్కన కూర్చున్న పేదవానితో తన వరుస యెట్లున్నది అనునదే. ఈ సంగతి తెలుగుదేశమున ఎంత పదునుగా తగిలెనో ముందు చూతము.

ఆదిమ సంఘము రొట్టె విరుచుటకు ముందు పాపములను ఒప్పుకొనెడిదని డిడాకే అను ప్రాచీన గ్రంథము వలన తెలియుచున్నది. 1215లో రోమునందు జరిగిన లాటరను మహాసభ, యుక్తవయస్కుడైన ప్రతి విశ్వాసి ఏడాదికి ఒక్కసారియైనను గురువు నొద్ద పాపసంకీర్తనము చేయవలెనని విధించెను. స్కాట్లండు దేశపు సంఘములు పరీక్షలో నిలిచినవారికి సీసపు బిళ్ళలనిచ్చి, ఆ బిళ్ళ చూపినవారినే బల్ల యొద్దకు రానిచ్చెడివి. ఈ మూడు మజిలీలను చూచినంతనే, హృదయముయొక్క లెక్క సంస్థ చేతిలోనికి ఎట్లు క్రమముగా పోయెనో బోధపడును.

ఇక మన తీరమునకు వత్తము. తన దోషమును వెదకి చెప్పుకొనుట ఈ నేలకు క్రైస్తవముతో వచ్చిన క్రొత్త సంగతి కాదు. విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమ సముద్రమునకు ఎదురుగా నిలిచిన తొట్లకొండ, బావికొండలమీదను, భీమిలి నానుకొనియున్న పావురాలకొండమీదను క్రీస్తుకు పూర్వపు శతాబ్దులనుండి బౌద్ధభిక్షువులు వసించిరి. పక్షమున కొక్కసారి ఉపోసథ దినమున భిక్షుసంఘము కూడి, ప్రాతిమోక్ష నియమములను పఠించి, తప్పినవాడు తన తప్పును వెల్లడించి శుద్ధుడగుట వారి వినయధర్మము. ఆ విహారములు పాడుపడిన పెక్కు శతాబ్దుల తరువాత, ఆ కొండల నీడలోనే వేరొక గ్రంథమును చేతబట్టినవారు, వేరొక దేవుని సన్నిధిని, అదే పనికి కూర్చుండిరి. ఒకదాని నుండి ఒకటి పుట్టినదని నేను చెప్పుట లేదు. మనుష్యుని లోపలి అవసరము ఒక్కటే యని మాత్రము చెప్పుదును.

తెలుగు అచ్చుపుస్తకముల చరిత్రకును ఈ ఆత్మపరీక్షకును పుట్టుకనుండియే సంబంధము కలదు. మొట్టమొదటి తెలుగు అచ్చుపుస్తకములు 1746, 1747 సంవత్సరములలో జర్మనీ దేశమందలి హాలె నగరమున బెంజమిన్ షుల్జ్ అచ్చొత్తించినవి. ఆ హాలె నగరము, బాహ్యాచారము చాలదు, హృదయము మారవలెనని పట్టుబట్టిన భక్తి ఉద్యమమునకు కేంద్రము. కాని ఈ తీరమున బైబిలు పని నిజముగా ఆరంభమైనది 1805లో, లండను మిషనరీ సంఘమువారైన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డి గ్రాంజెస్ విశాఖపట్టణమున దిగిన పిదపనే. ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుని సాయముతో సువార్తల తెనిగింపు సాగెను. 1809లో క్రానును, 1810లో డి గ్రాంజెసును మరణించిరి. వారి శ్రమఫలమైన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున వెలువడెను. తరువాత ఎడ్వర్డ్ ప్రిట్చెట్ తెనిగించిన క్రొత్త నిబంధన 1818లో చెన్నపట్టణమున అచ్చయ్యెను. తన్ను తాను పరీక్షించుకొనుమను పౌలు మాట విశాఖపట్టణపు వీధులలోని తెలుగు చదువరి చేతికి అచ్చులో అందినది ఇట్లు.

అచ్చు చేరినది చదువు వచ్చినవారికి. పాట చేరినది అందరికి. ఉత్తరపు కోస్తాలో హృదయపరిశోధనకు తెలుగు గొంతు నిచ్చినవాడు పురుషోత్తమ చౌధరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబమున పుట్టి, క్రైస్తవుడై, తెలుగున కీర్తనలు రచించిన ఈ భక్తకవి, రాగతాళములతోడి సంప్రదాయ కీర్తనరూపమునే తన సాధనముగా గైకొనెను. భక్తుడు తన నీచత్వమును తానే చెప్పుకొని దేవుని జాలిని యాచించు ఆత్మనింద తెలుగు కీర్తనలకును, శతకములకును అప్పటికే అలవాటైన దారి. కావున పల్లెలోని విశ్వాసికి పాపపు ఒప్పుకోలు పరదేశపు సరకుగా తోచలేదు. లూథరను, బాప్తిస్టు భేదము లేక నేటికిని ఆయన కీర్తనలు పాడబడుచుండుటకు ఇదియే కారణమని నా అభిప్రాయము.

కతోలికుల పద్ధతి వేరు దారిని వచ్చెను. 1846లో సవాయ్ దేశపు ఆనెసీ నగరమునుండి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన గురువులు ఈ తీరమునకు వచ్చి విశాఖపట్టణమును తమ కేంద్రముగా చేసికొనిరి. వారి సభ పేరు ధరించిన ఆ పదునేడవ శతాబ్దపు పునీతుడు, సామాన్య గృహస్థుల కొఱకు వ్రాసిన భక్తిగ్రంథమున, ప్రతి రాత్రి నిద్రకు ముందు పగటి నడతను గంటగంటగా తలచి చూచుకొనుమని బోధించెను. పాపసంకీర్తనమునకు ముందు అంతరాత్మను శోధించుకొను పద్ధతి నేటి కతోలిక కుటుంబములలో నిలిచియున్నది.

ఇప్పుడు తెలుగుదేశమున కొరింథు ప్రశ్న తలెత్తిన తీరు చెప్పవలెను. బల్లమీది పాత్ర ఒక్కటి. త్రాగువారు పలు కులములవారు. హృదయము మారెనా లేదా యను సంగతి ప్రార్థనలోని మాటలవలన తెలియదు గాని, మాల మాదిగల పెదవి తాకిన పాత్రను తన పెదవికి తాకించునపుడు తెలియును. 1850లో చెన్నపట్టణపు మిషనరీల సమావేశము కులము విడుచుటను గూర్చి కఠినమైన తీర్మానము చేసి, ఏ కులమువాడు వండిన అన్నమైనను తినుటను దానికి గుర్తుగా పెట్టెను. లైప్‌జిగ్ లూథరను మిషనువారు దానితో ఏకీభవింపలేదు. బలవంతపు భోజనముతో హృదయము మారదని వాదించినవారి మాటలో సత్యాంశము లేకపోలేదు. అయినను, ఆకలిగొన్న పేదవానిని చూడక తినినది ప్రభువు భోజనము కాదని పౌలు చెప్పిన తరువాత, కులమును బల్ల యొద్దకు వెంటబెట్టుకొని వచ్చుటకు సమాధానము ఏమి చెప్పగలరు? ఈ విషయమున నేను ఆ తీర్మానపు పక్షమున నిలుతును.

తగరపువలసకు సమీపమున ఈ ఆచారమునకు ప్రత్యేకరూపము నిచ్చినవారు కెనడా దేశపు బాప్తిస్టులు. 1875 ప్రాంతమున వారు భీమునిపట్టణమున స్థిరపడి, క్రమముగా బొబ్బిలి, శ్రీకాకుళము, విజయనగరములకు వ్యాపించిరి. భీమిలినుండి విజయనగరమునకు పోవు దారి తగరపువలస మీదుగానే సాగును. ఈ మిషనరీలు కెనడా తూర్పుతీరపు సంఘములు పంపినవారు. పదునెనిమిదవ శతాబ్దము చివర, నోవా స్కోషియాలో హెన్రీ ఆలైన్ అను యువకుడు, 1775లో తన హృదయమున దీర్ఘకాలము పడిన సంక్షోభము తీరిన పిదప, ఊరూర తిరిగి, లోపలి అనుభవమే మతమునకు ప్రాణమని బోధించి, ముప్పదియైదేండ్లకే 1784లో మరణించెను. అతడు రగిల్చిన ఉజ్జీవనపు నేలమీదనే ఆ ప్రాంతపు బాప్తిస్టు సంఘములు మొలచెను. ప్రభువు భోజనమునకు ముందు శనివారమున సభ్యులు కూడి, ఒక్కొక్కరు లేచి, గడచిన నెలలో తమ ఆత్మస్థితి యెట్లుండెనో తమ నోటితో చెప్పుకొనుట వారి సంఘములలో వాడుక. సముద్రము దాటి భీమిలి రేవున దిగినవారు ఇట్టి సమావేశములలో పెరిగినవారు. తెలుగు బాప్తిస్టు సంఘములలో నెల మొదటి ఆదివారపు బల్ల, సంఘనిబంధన పఠనము, పొరపడినవారిని కొంతకాలము బల్లనుండి ఆపివేయుట మొదలైనవి ఆ వంశమునకు చెందినవే. తరువాత ఇరువదవ శతాబ్ది ఆరంభమున లండను మిషనువారి విశాఖపట్టణపు పనియు కెనడా బాప్తిస్టుల చేతికి వచ్చెను.

ఇచ్చట ఒక కష్టము ముందుకు వచ్చును. బాప్తిస్మము కోరి వచ్చినవాని హృదయమును సంఘము ఎట్లు తెలిసికొనగలదు? ఆకలితో వచ్చెనా, విశ్వాసముతో వచ్చెనా? ఈ ప్రశ్నకు తెలుగుదేశమున దొరికిన ఉత్తమమైన ఉదాహరణము ఒంగోలుది. అచ్చటి అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ, 1876–78 కరవులో బకింగ్‌హాము కాలువ త్రవ్వకమున మూడున్నర మైళ్ళ పనిని గుత్తకు తీసికొని, వేలకొలది పేదలకు కూలి దొరకునట్లు చేసెను. యెఱ్ఱగుంట్ల పేరయ్య మొదలుగా గల మాదిగ బోధకులు అప్పటికి పదేండ్లకు పైగా ఆ పల్లెలలో సువార్త చెప్పుచుండిరి. ఈ పేరయ్య క్రైస్తవుడు కాకముందు రాజయోగపు గురువుల నాశ్రయించి అంతరంగ సాధన చేసినవాడు, తన లోపలిని వెదకుట అప్పటికే యెఱిగినవాడు. కాలువ పనిలో బోధ విని బాప్తిస్మము కోరినవారు అనేకులుండినను, కూలి అన్నము పెట్టుచున్న చేతితోనే బాప్తిస్మమీయుటకు క్లౌ సమ్మతింపక, ఏడాదికి పైగా ఆపియుంచెను. కరవు తీరి, కాలువ పని ముగిసి, ఈయవలసిన కూలి యేమియు మిగులని తరువాతనే, 1878 జూన్ మాసమున బాప్తిస్మములు ఆరంభమయ్యెను. జూలై 3వ తేదీని వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఆరుగురు బోధకులు వంతులవారీగా, ఇద్దరేసి చొప్పున, 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి.

ఆ సంఖ్యను గొప్పగా చెప్పుకొనువారు ఆ యేడాది నిరీక్షణను మరతురు. నాకు ఆ నిరీక్షణయే చరిత్రగా తోచును. తాను హృదయములను చూడలేనని క్లౌ యెఱుగును. చూడగలిగినట్లు నటింపక, ఆశ పెట్టు వస్తువును నడుమనుండి తొలగించి, కాలమునకు విడిచిపెట్టెను. కుండకు ఓటి యున్నదో లేదో నీరు పోసి నిలిపి చూతుమే గాని, పగులగొట్టి చూడము కదా. వచ్చిన వేలమంది యందరి సంకల్పమును నిర్మలమని ఎవడును ప్రమాణము చేయజాలడు. కాని పొందదగిన కూలియే లేని వేళ వచ్చినవారిని కూటికి వచ్చినవారని నిందించుట న్యాయము కాదు. ఊరిబయట ఉంచబడి, బావికి దూరమై బ్రదికిన మనుష్యులు గౌరవమును కోరి వచ్చిరన్నచో, ఆ కోరికను దోషమని హృదయపరిశోధన చేయువాడు ఎవ్వడు?

1906లో వేరొక ఘట్టము నడచెను. 1904లో వేల్సు దేశమున లేచిన ఉజ్జీవనము, 1905లో ఖాసీకొండల మీదికి వచ్చి, మరుసటి యేడు తెలుగు బాప్తిస్టు సంఘములను తాకెను. ఎవరును అడుగకయే మనుష్యులు సభలో లేచి, ఏడ్చుచు, దాచిన పాపములను బహిరంగముగా ఒప్పుకొనిరి, కొట్లాడినవారు రాజీపడిరి. కంఠములు ఒక్కటై లేచిన ఆ ప్రార్థనలను చూచి క్రమమునకు అలవాటుపడిన పెద్దలు కొందరు కలవరపడిరి. ఆ ఉద్వేగము చల్లారిన పిదప నిలిచినది ఎంత యను ప్రశ్న న్యాయమైనదే. అయినను పరీక్షకుడు లేని ఒప్పుకోలు అది. నూటముప్పదితొమ్మిదవ కీర్తన క్రమమునకు శనివారపు సభలకంటె సమీపమైనది.

దీనికి ఎదురుగా మౌనమార్గమును తెలుగు క్రైస్తవులకు చూపినవాడు బైబిలు మిషను స్థాపకుడు ముంగమూరి దేవదాసు. 1938లో మొదలైన ఆ సంఘమున సన్నిధికూటములకు ముఖ్యస్థానము. తలంపులలోని పాపము మొదలు ఒక్కొక్కటి ఒప్పుకొని, మనసును ఖాళీ చేసికొని, దేవుని యెదుట ఊరక కనిపెట్టుట వారి సాధన. 1960లో దేవదాసు పరమపదించిన తరువాతను ఆ కూటములు కోస్తా జిల్లాలన్నింట సాగుచున్నవి.

నేడు బల్లకు ముందటి మౌనము పెక్కు చోట్ల కుదించుకొని పోవుచున్నది. కార్యక్రమము దీర్ఘమగును, వాద్యములు ఎడతెగక మ్రోగును, పరీక్షించుకొనుడని బోధకుడు పలికి ముగించులోపలనే పళ్ళెము కదలును. మరియొక ప్రక్క, బల్లనుండి ఆపుటను పెద్దలు తమ పగలు తీర్చుకొను ఉపాయముగా వాడిన కథలును ఈ ప్రాంతమున వినవచ్చును. రెండును ఒక్క క్రమము తప్పుటవలన కలిగినవే. మొదటిదానిలో ఎవరును వెదకరు. రెండవదానిలో వెదకదగని వాడు వెదకును.

ఈ చరిత్రను పూర్తిగా వ్రాయుటకు వలయు ఆధారములు మిషనరీల నివేదికలలో సగమే యుండును. మిగిలిన సగము తెలుగువారి చేతివ్రాతలో ఉండవలెను: సంఘసభల మినిట్ పుస్తకములు, సభ్యత్వపు పట్టీలు, బాప్తిస్మపు రిజిష్టరులు, బోధకుల దినచర్యలు. తగరపువలస, చిట్టివలస, భీమిలి పరిసరములలోని పాత సంఘముల పెద్దలకును, బోధకుల వంశీకులకును నా మనవి యేమనగా, అట్టి కాగితములు మీ ఇంటి పెట్టెలలో నున్నచో చెదలకు విడువక నకళ్ళు తీయించి, ఒక ప్రతిని ఏదేని వేదాంత కళాశాల గ్రంథాలయమునకు చేర్పుడు. వానియందు ఒప్పుకొనినవారి పేర్లును, బల్లనుండి ఆపబడినవారి పేర్లును ఉండును. వాని నెవరు అచ్చువేసినను ఆ పేర్లను కప్పి అచ్చువేయవలెను.